దొర ఫోటోలో కుడిచెయ్యి

కుంకుళ్ళగూడేనికి కరెంటు ఇంకా రాలేదు గాని కెమెరాలు వచ్చేశాయి. ముప్ఫై ఆరు గడపలకు ముప్ఫై ఆరు కెమెరాలు. వాటిని చార్జి చేసుకోవాలంటే కొండ దిగి అయిదు మైళ్ళు నడిచి సంత జరిగే ఊరికి పోవాలి. పోయి వచ్చేసరికి కెమెరా నిండేది, మనిషి ఖాళీ అయ్యేవాడు.

పంచినవారు అటవీ చారిత్రక ఛాయాచిత్ర పరిషత్తువారు. ఆ ఏడాది రాజధానిలో పెద్దలందరికీ ఒక్కసారిగా కొండల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఎప్పుడో తెల్లదొరలు వచ్చి ఈ కొండల్నీ కొండమనుషుల్నీ తమకు తోచినట్టు ఫోటోలు తీసుకుపోయారట. ఇప్పుడు ఆ మనుషులే కెమెరా పట్టి, ప్రకృతితో తమకున్న అనుబంధాన్ని తామే తీసి చూపిస్తే పాత అన్యాయం తుడిచిపెట్టుకుపోతుందట. ఆలోచన మంచిదే. మంచి ఆలోచన తట్టగానే దానికో ఆఫీసు పెట్టడం ఒక్కటే మనవాళ్ళకున్న జబ్బు.

పాత దొరబంగళా వరండాలో ప్రారంభసభ పెట్టారు. ప్రత్యేకాధికారి వైకుంఠరావు మెడలో మూడు కెమెరాలు వేసుకుని లేచాడు.

"ఇన్నాళ్ళూ దొర మిమ్మల్ని చూశాడు. ఇకమీదట చూసే హక్కు మీది. సదరు హక్కును పదిహేను దినములలోగా వినియోగించుకొనవలెను," అన్నాడు.

ముందు వరసలో కూర్చున్న గోగుల అబ్బాయమ్మ చెయ్యెత్తింది. "సూసి ఏం సెయ్యాల బాబయ్యా?"

"మీకూ ప్రకృతికీ గల అనుబంధమును ఫోటో తీసి దాఖలు పరచాలి. మేము పరిశీలించి అనుబంధ పత్రం జారీ చేస్తాం. పత్రం ఉన్నవారు దొరరాళ్ళు దాటి అడవిలోకి వెళ్ళవచ్చు."

"లేనోళ్ళు?"

"అనుబంధమే లేనివాళ్ళు అడవిలోకి వెళ్ళి ఏం చేస్తారమ్మా?" అని పక్కనున్న డాక్టర్ మందాకిని చాలా మెత్తగా అడిగింది. ఎవరు ఎవర్ని ఏ కోణంలో చూశారన్న విషయం మీద ఎనిమిదేళ్ళు చదువుకున్న మనిషి ఆవిడ. పరిషత్తుకు నిపుణురాలు.

అబ్బాయమ్మ వెనక్కి తిరిగి దొరరాళ్ళ వైపు చూసింది. దొరరాళ్ళంటే గూడెం వెనక, ఎప్పుడో దొర పాతించిన హద్దురాళ్ళు. రాళ్ళకు ఇవతల గూడెం, అవతల అడ్డతీగలు. అడ్డాకు కోసుకొచ్చి, ఎండబెట్టి, పుల్లలతో విస్తళ్ళు కుట్టి సంతకు దింపడమే ఆవిడ బతుకు. ఆ ఆకు కూడా వానలు పట్టుకునేలోగా కోసి దాచుకోవాలి. ఈ వేసవి తప్పిపోతే, మొగుడూ పెళ్ళాం మూటాముల్లే కట్టుకుని మైదానంలో ఎవరి చేలోనో ఊడ్పులకు దిగాలి. మూడేళ్ళ కిందట ఒకసారి దిగింది. బురదలో వంగి వంగి నడుం పడిపోతే, పక్క ఊరివాళ్ళు వింతగా చూస్తూ "కొండోళ్ళు, కొండోళ్ళు" అంటుంటే, మళ్ళీ ఈ గట్టు దిగనని ఒట్టేసుకుంది. ఇప్పుడా ఒట్టు వైకుంఠరావు చేతిలో పడింది.

సరే, తియ్యమన్నారు కదా అని, రాళ్ళ దగ్గర కాపలా ఉన్న గార్డు ఫోటోల కోసమని వదిలితే లోపలికి పోయి ఇరవై నాలుగు ఫోటోలు తీసింది. అడ్డతీగ మొదలు, అడ్డతీగ చివర, లేతాకు, ముదురాకు, తీగ మీద తొండ. తొండ చాలా బాగా పడింది. వారం తిరక్కుండా జవాబొచ్చింది: "దాఖలు పరచిన ఛాయాచిత్రములలో దరఖాస్తుదారు కనబడుటలేదు. తొండ కనబడుచున్నది. తొండ తరపున దరఖాస్తు చేయగోరినచో వేరు ఫారము జతపరచవలెను."

"నేనెట్టా కనపడతాను? తీసింది నేనేగా!" అంది అబ్బాయమ్మ.

"అదే కదమ్మా మేమనేదీ. ఫోటో తీసినంతసేపూ మీరు ప్రకృతికి దూరంగా ఉన్నారని మీరే ఒప్పుకుంటున్నారు," అన్నాడు వైకుంఠరావు, దొరికిన దొంగను చూసినంత ఆనందంగా.

ఈసారి ఆవిడ మొగుడు లచ్చిరెడ్డి కెమెరా పట్టుకున్నాడు. అబ్బాయమ్మ తీగ కింద నిలబడి, ఎప్పటిలాగే ఎడంచేత్తో కొమ్మ వంచి కుడిచేత్తో ఆకు తుంపింది. ఫోటో ముచ్చటగా వచ్చింది. మందాకిని దాన్ని చూసి కళ్ళు తుడుచుకుంది కూడా. వైకుంఠరావు మాత్రం దాన్ని రెండు కాపీలు తీయించాడు. మొదటి కాపీ ప్రకారం అబ్బాయమ్మకు ప్రకృతితో అనుబంధం ఉంది. రెండో కాపీ ప్రకారం ఆవిడ రక్షిత అడవిలో ఆకు తుంపింది గనక నేరం చేసింది. అనుబంధ పత్రమూ నేరాభియోగ పత్రమూ ఒకే కవరులో పెట్టబోయాడు గాని, నేరస్తులకు అనుబంధ పత్రం ఇవ్వరాదన్న నియమం గుర్తొచ్చి మొదటిది చింపేసి, పాపం ఇల్లాలు గదా అని రెండోది పక్కన పెట్టాడు.

"ముట్టుకోకుండా అనుబంధం చూపించండి," అన్నాడు.

మర్నాడు గూడెం గూడెమంతా చెట్ల ముందు మూడేసి మూరల దూరంలో చేతులు కట్టుకుని నిలబడింది. ఎన్నడూ చూడని చుట్టాన్ని పలకరించినట్టు ఒక్కొక్కరూ ఒక్కో చెట్టును చూసి నవ్వారు. లచ్చిరెడ్డి కుంకుడుచెట్టు ముందు నిలబడి, ఏం చెయ్యాలో తోచక నమస్కారం పెట్టాడు. మందాకిని ఫోటోలన్నీ తిరగేసి, "మనుషుల వైపు నుంచి ఆప్యాయత ఉంది. చెట్ల వైపు నుంచే స్పందన కనబడటం లేదు," అంది. ఒక్క ఫోటోలో మాత్రం గాలికి కొమ్మ వంగి ఒక ముసలాయన భుజం మీద పడింది. అది స్పందనా, దౌర్జన్యమా అని వరండాలో రెండు గంటలు చర్చ జరిగింది. చివరికి సదరు చెట్టుకు సంజాయిషీ కోరుతూ నోటీసు రాసి, దాన్ని చెట్టుకే మేకు కొట్టి తగిలించారు.

ఇలా వైశాఖం గడిచిపోయింది. రోజూ పొద్దున్నే అబ్బాయమ్మ హద్దురాయి దాకా వెళ్ళి, అవతల పచ్చగా వేలాడుతున్న ఆకును చూసి, గార్డు కళ్ళు చూసి, తిరిగొచ్చేది. చేతులు ఊరికే ఉండలేక పాత విస్తళ్ళు విప్పి మళ్ళీ కుట్టేది. లచ్చిరెడ్డి మూట కట్టుకునే దుప్పటి దులిపి ఎండలో వేశాడు. అది చూసి ఆవిడకు ఏడుపొచ్చింది.

అప్పుడే పరిషత్తుకు అసలైన ఆలోచన తట్టింది. ఇప్పటి అనుబంధాలను నమ్మడమెలా? పత్రం కోసం ఎవడైనా ప్రకృతిని ప్రేమించవచ్చు. దొరరాళ్ళు పాతక ముందునుంచీ అనుబంధం ఉందనడానికి రుజువు కావాలి. ఏ రుజువు? పరిషత్తు ఛాయాచిత్రాలది గనక, ఛాయాచిత్రమే. ఆ కాలపు ఫోటోలో ఎవరుంటే వారిదే అడవి.

ఆ కాలపు ఫోటో కొండ మొత్తం మీద ఒక్కటే ఉంది. బంగళా హాలులో, చెదలు అంచులు కొరికేసిన చట్రంలో. మధ్యన దొర, నెత్తిన టోపీ, ఒంటిన దళసరి కోటు, కాలు చచ్చిన పులి మీద. వెనక పొగలాగా పదీ పన్నెండు మరకలు. పక్కనుంచి ఒక చెయ్యి మాత్రం చట్రంలోకి వచ్చి దొర నెత్తిన గొడుగులాంటి ఆకుల గిడుగు పట్టింది. దొర పేరు ఉన్న మూలను చెదలు తినేశాయి.

వైకుంఠరావు బల్ల మీద ఆ ఫోటో పెట్టి, గళ్ళకాగితం పరిచి, భూతద్దంతో రోజంతా కొలిచాడు. సాయంత్రానికి గూడెం వాళ్ళను పిలిచి ఫలితం చదివాడు.

"స్పష్టతా సూత్రము ననుసరించి, చిత్రములో స్పష్టముగా నున్నవారికే అనుబంధము కలదని భావింపబడును. దొరగారు నూటికి నలభై పాళ్ళు స్పష్టముగా నున్నారు. పులి ఇరవై. వెనుకనున్న మసక ఆకారములు..."

"అయ్యి మావోళ్ళే బాబయ్యా," అంది అబ్బాయమ్మ. "డప్పులు కొట్టి పులిని తోలినోళ్ళు."

"కావచ్చు. కాని కదిలారు. ఆ రోజుల్లో ఫోటో తియ్యాలంటే ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా బొమ్మలా నిలబడాలి. ఒక్క ఇరవై అంకెలు నిలవలేనివారు తరతరాలుగా ఇక్కడే నిలిచి ఉన్నారంటే పరిషత్తు ఎలా నమ్ముతుంది?"

ఆ విధంగా ఈ అడవి మొదటి నివాసి దొర అని తేలింది. ఒకటో నంబరు అనుబంధ పత్రం ఆయన పేరనే తయారైంది. పేరు: చెదలు. చిరునామా: బంగళా వెనక సమాధి. పత్రం ప్రకారం దొరగారు అడవిలోకి పోవచ్చు, అడ్డాకు కోసుకోవచ్చు, తేనె పట్టవచ్చు, ఏటా రెండు కావిళ్ళ కుంకుళ్ళు ఏరుకోవచ్చు. దొరల కాలపు నియమం ఒకటి ఇంకా రద్దు కాలేదు గనక, వెంట తనకు నచ్చినంతమంది పరిచారకులను తీసుకువెళ్ళి, వాళ్ళచేత ఏ పనైనా చేయించుకోవచ్చు.

పత్రాన్ని వచ్చి తీసుకోవలసిందిగా సమాధికి నోటీసు అంటించారు. పదిహేను రోజులు చూశారు. లబ్ధిదారు రాలేదు. నియమాల ప్రకారం వైకుంఠరావు తననే దొరగారి ప్రతినిధిగా నియమించుకుని, మైదానంలోని ఒక నాటకాల సామాను దుకాణం నుంచి దళసరి కోటూ టోపీ తెప్పించుకున్నాడు. ప్రతినిధికి పరిచారకుల సౌకర్యం లేదని తెలిసి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

కోటు వచ్చిన రోజు గూడెం వాళ్ళను మళ్ళీ హాలుకు పిలిచి ఆ నియామకం చదివి వినిపించాడు. అబ్బాయమ్మ అదేమీ వినడం లేదు. ఆవిడ ఫోటో మీదకు వంగి ఆ గిడుగునే చూస్తోంది. "ఈ గిడుగు మా ఇంటిది!" అని ఒక్క కేక పెట్టింది.

కుంకుళ్ళగూడెంలో ఏ ఇంటి కుట్టు ఆ ఇంటికి ఉంటుంది. సంతలో అందరి విస్తళ్ళూ కలిసిపోతే, కుట్టు చూసి ఎవరివి వాళ్ళు ఏరుకుంటారు. గోగులవాళ్ళ కుట్టు అంచున రెండు పుల్లలు నిలువుగా, మూడోది అడ్డంగా పడుతుంది. అత్త కోడలికి నేర్పుతుంది, కోడలు తన కోడలికి నేర్పుతుంది. ఫోటోలోని గిడుగు అంచున రెండు నిలువు, ఒకటి అడ్డం. లచ్చిరెడ్డి వచ్చి చూశాడు. గూడెమంతా వచ్చి చూసింది. ఎవరికీ అనుమానం లేదు.

"ఈ సెయ్యి మా ముత్తాతది బాబయ్యా. దొర కంటే ముందు మేమున్నాం. మేం లేకపోతే ఆయనకి నీడే లేదు."

వైకుంఠరావు భూతద్దం తీశాడు. "చెయ్యి స్పష్టంగానే ఉంది. కదల్లేదు. ఒప్పుకుంటున్నాను. కాని గోగులవారి కుట్టు ఇదేనని రుజువేది?"

మందాకిని ఉత్సాహంతో లేచి నిలబడింది. "పునశ్చిత్రణ చేద్దాం! అదే చోట, బంగళాలో మూలపడి ఉన్న ఆ పాత పెట్టె కెమెరాతో, అదే భంగిమలో. అబ్బాయమ్మ గారు తన చేత్తో గిడుగు కుట్టి పట్టుకోవాలి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి పోల్చి చూద్దాం."

"కుడతాను. ఆకేది?" అంది అబ్బాయమ్మ.

ఆకు దొరరాళ్ళకు అవతల ఉంది. పత్రం లేనిదే ఆకు రాదు, ఆకు లేనిదే గిడుగు రాదు, గిడుగు లేనిదే ఫోటో రాదు, ఫోటో లేనిదే పత్రం రాదు. వైకుంఠరావు ఈ చక్రం చుట్టూ మూడుసార్లు తిరిగి, ప్రస్తుతం ఆకు కోసే అర్హత ఉన్న ప్రాణి ఈ కొండ మీద ఒక్కటే అని కనిపెట్టాడు. అది తనే.

మర్నాడు పొద్దున్నే కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, గోనెసంచీతో ఆయన రాళ్ళు దాటాడు. అబ్బాయమ్మ ఇవతలి నుంచి చెబుతోంది.

"పైన సూడండి. పెద్దాకు, మధ్యన సీలి ఉంటది. ఆఁ, అదే. ముదురుది వద్దు. కింద కొమ్మ వంచండి. ఆ పక్క తీగ ముట్టుకోకండి బాబయ్యా!"

పక్క తీగకు చిక్కుడుకాయల్లాంటి కాయలు, బంగారు రంగు నూగుతో ధగధగా మెరుస్తున్నాయి. వైకుంఠరావుకు అనుమానమొచ్చింది. వందేళ్ళుగా ఈ గూడెం వాళ్ళు దాచుకుంటున్న రహస్య సంపద ఇదేనేమో!

"ఎందుకు ముట్టుకోకూడదు?"

"అది దూలగొండి!"

"స్థానికుల అభ్యంతరములు లిఖితపూర్వకముగా నుండవలెను," అని ఆయన రెండు చేతులా కాయలు దూసి కోటు జేబుల్లో కుక్కుకున్నాడు.

ఇరవై అడుగులు వేశాడో లేదో అడవిలోంచి ఒక కేక వినబడింది. తరవాత రాళ్ళ మీదుగా దొర టోపీ ఎగిరొచ్చింది. దాని వెనక ప్రతినిధి, గోనెసంచీ వదలకుండా. లచ్చిరెడ్డి ఆయన్ని ఒడిసిపట్టి, కోటూ చొక్కా ఊడదీసి, ఒంటినిండా పేడ పట్టించాడు. దూలగొండి దురదకు అంతకంటే మందు లేదు. పేడ ఆరేదాకా ప్రత్యేకాధికారి వరండాలో చేతులు చాచి నిలబడి, "ఇది కార్యాలయ రికార్డులోకి రాకూడదు," అని అందరికీ చెప్పాడు.

అబ్బాయమ్మ ఆకు పరిచి కూర్చుంది. రెండు నెలల తరవాత చేతికి పచ్చి ఆకు తగిలింది. వెదురుబద్దల చట్రం మీద ఆకు మీద ఆకు పేర్చి, రెండు నిలువు, ఒకటి అడ్డం కుడుతూ పోయింది. ఎవరు చూస్తున్నారో, ఎవరు కొలుస్తున్నారో ఆవిడకు గుర్తు లేదు. మధ్యాహ్నం తిరిగేసరికి గిడుగు తయారైంది.

అప్పటికి వైకుంఠరావు స్నానం చేసి తేరుకున్నాడు. పులి దొరకలేదు గనక, బంగళాలోని పొడుగుదిండుకు బొగ్గుతో చారలు గీసి నేల మీద పడుకోబెట్టారు. మందాకిని మూడు కాళ్ళ మీద పాత పెట్టె కెమెరా నిలబెట్టి, నల్లగుడ్డలోంచి తల బయట పెట్టింది.

"కోటేది?"

"చొక్కాతో సరిపెట్టుకుందాం," అన్నాడు వైకుంఠరావు.

"దొర కోటు వేసుకున్నాడు. కోటు లేకపోతే చరిత్ర వక్రీకరణ అవుతుంది."

చరిత్రను వక్రీకరించే ధైర్యం ఏ ప్రత్యేకాధికారికి ఉంటుంది? కోటు తొడుక్కున్నాడు. జేబుల్లో కాయలు అలాగే ఉన్నాయి. వాటి నూగు అస్తరంతా పాకి ఉంది. దిండు మీద కాలు పెట్టి, గడ్డం ఎత్తాడు. అబ్బాయమ్మ పక్కకు వచ్చి, గిడుగు పిడిని నేలలో దిగేసి, కుడిచేత్తో గట్టిగా పట్టుకుంది.

"కదలకండి. ఇరవై లెక్కపెడతాను. ఒకటి... రెండు..."

మూడో అంకెకు వైకుంఠరావు ముక్కు వణికింది. నాలుగుకు భుజాలు. అయిదుకు దిండు పులి మీద కాలు ఆనక, ఆ కాలితో ఈ కాలిని గోకాడు. "ఏడు... ఎనిమిది..." చంకలో చెయ్యి పెట్టాడు. "స్థిరంగా! చరిత్ర చూస్తోంది!" అంది నల్లగుడ్డ లోపలి నుంచి మందాకిని. పదో అంకెకు ఆయన పులి చుట్టూ తిరగడం మొదలెట్టాడు. పన్నెండుకు లచ్చిరెడ్డి కిసుక్కుమన్నాడు. అంతే, గూడెం గూడెమంతా గొల్లున నవ్వింది. అబ్బాయమ్మా నవ్వింది, రెండు నెలల తరవాత. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా, వెనక్కీ ముందుకీ ఊగుతూ నవ్వింది. అయినా కుడిచెయ్యి మాత్రం గిడుగు పిడి వదల్లేదు. ఇరవై అనేసరికి ప్రతినిధి కోటు అక్కడా తను బంగళా కింది ఏట్లోనూ ఉన్నాడు.

వారానికి ఫోటో కడిగి పట్టుకొచ్చారు. పేడ వాసన ఇంకా పూర్తిగా పోని వైకుంఠరావు గళ్ళకాగితం పరిచాడు. దొర ఉండవలసిన చోట ఒక పొగ. గూడెం వాళ్ళందరూ మరకలు. అబ్బాయమ్మ మొహం నవ్వులో చెదిరిపోయింది. స్పష్టంగా ఉన్నవి మూడే: దిండు, గిడుగు, ఆ గిడుగు పట్టుకున్న చెయ్యి. పాత ఫోటో పక్కన పెట్టారు. అదే పట్టు, అదే కుట్టు, రెండు నిలువు, ఒకటి అడ్డం.

వైకుంఠరావు భూతద్దం కింద పెట్టాడు. స్పష్టతా సూత్రం తనే రాశాడు, తనే సంతకం పెట్టాడు. దాని ప్రకారం దొరగారికి ప్రతినిధి ద్వారా ఉన్న అనుబంధం కాస్తా పొగైపోయింది. ఒకటో నంబరు పత్రం రద్దు చేసి, కొత్తది రాసి, సమాధికి ఆ మేరకు నోటీసు అంటించి, అబ్బాయమ్మను పిలిచాడు.

ఆవిడ పత్రం మందాకిని చేతికిచ్చి చదివించుకుంది. "అర్హులు: గోగుల అబ్బాయమ్మ, కుడిచెయ్యి మాత్రమే. మిగిలిన శరీరము కదిలినందున దానికి అనుబంధము నిర్ధారణ కాలేదు. మొదటి నివాసికి గల సమస్త హక్కులూ సదరు చేతికి సంక్రమించును."

"సెయ్యి ఒక్కటీ ఎట్టా ఎల్తది బాబయ్యా?" అంది అబ్బాయమ్మ. "మోసుకుపోయేవోళ్ళు ఉండాలిగా."

"అది పరిషత్తు పరిధిలోని విషయం కాదు," అన్నాడు వైకుంఠరావు మోచేయి గోక్కుంటూ.

అబ్బాయమ్మ మొహంలోకి నెమ్మదిగా నవ్వు వచ్చింది. "సమస్త హక్కులూ అంటే, ఆ పరిచారకుల సంగతి కూడానా అమ్మగోరూ?"

మందాకిని పత్రం మళ్ళీ చదివింది. తరవాత వైకుంఠరావు వంక చూసింది. తరవాత ఎనిమిదేళ్ళ చదువులో మొదటిసారిగా, గట్టిగా నవ్వేసింది. "నచ్చినంతమంది," అంది.

మర్నాడు తెల్లారేసరికి దొరరాళ్ళ దగ్గర గార్డు నిలబడి ఉన్నాడు. ముందుగా అబ్బాయమ్మ కుడిచెయ్యి వచ్చింది, మోచేతి దాకా పసుపు రాసుకుని, గాలిలో నిటారుగా. దానికి ఎండ తగలకుండా లచ్చిరెడ్డి పక్కన నడుస్తూ కొత్త గిడుగు పట్టాడు. చేతి వెనక పరిచారికగా తక్కిన అబ్బాయమ్మ. ఆవిడ వెనక ముప్ఫై అయిదు గడపల ఆడా మగా, కత్తులూ బుట్టలూ కావిళ్ళూ పుచ్చుకుని.

"ఈళ్ళంతా ఎవురు?" అన్నాడు గార్డు.

"సెయ్యిగారి మనుషులు," అంది అబ్బాయమ్మ.

గార్డు పత్రం తిప్పి తిప్పి చదివాడు. ముద్ర ఉంది. సంతకం ఉంది. కాళ్ళు దగ్గరికి చేర్చి చేతికి సెల్యూట్ కొట్టి పక్కకు తప్పుకున్నాడు. చెయ్యి రాయి దాటింది. అవతల నిలబడి, వెనక్కి తిరిగి, వేలు ఊపి అందరినీ లోపలికి పిలిచింది.

ఆ ఏడు కుంకుళ్ళగూడెం నుంచి ఊడ్పులకు ఎవరూ దిగలేదు.